తోడుకున్న ఎముక

ఆగస్టు 11, సోమవారం

పురుగుమందుల కొట్టువాడు ఇచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి నా సైకిలు షాపులో పంపు కింద ఖాళీగా పడుంది. ఇవాళ ఏలూరులో డాక్టరుగారు చెప్పినదాంట్లో సగమే నాకు అర్థమైంది. ఆ సగం కూడా పొద్దున్నకి మర్చిపోతాను. అందుకని రాస్తున్నాను.

ఉదయశ్రీ మా అక్క విజయకుమారి కూతురు. పంతొమ్మిదేళ్ళు. ఎడమ కాలు కుడికాలి కంటే మూడు వేళ్ళ మందం పొట్టి.

ఎముకంటే అంతా ఎముక కాదట. పిల్లల్లో కొసల దగ్గర లేత భాగం ఉంటుందట. కార్టిలేజ్ అన్నారు. మేక బొమికె కొసన తెల్లగా కరకరలాడుతుందే, అదా అండీ అన్నాను. అక్క నా మోచెయ్యి గిల్లింది. డాక్టరుగారు మాత్రం అవును అదే అన్నారు. ఆ లేత భాగం ముందుకి పెరుగుతూ పోతుంటే వెనకాల గట్టిపడి ఎముకవుతూ వస్తుందట. పదిహేను, పదహారేళ్ళకి ఆ మిగిలిన లేతదనం కూడా ఎముకైపోతుందట. ఇంక పెరుగుదల లేదు, తలుపు మూసినట్టే.

ఉదయకి ఆరో ఏట మోకాలి కింద చీము పట్టింది. అక్కడి లేత భాగం కొంత చచ్చిపోయింది. కుడికాలు పెరుగుతూ పోయింది. ఎడమది వెనకబడింది.

ఆ మాట దగ్గర అక్క నేల చూసింది. అప్పట్లో ఆ వాపుని బెణుకనుకుని, వారంపాటు ఆముదం రాసి గుడ్డకట్టు కట్టింది అక్కే. ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అనకపోబట్టే అది అంత పెద్దదై కూర్చుంది.

ఇప్పుడు ఎముకని కోసి, రెండు ముక్కల్నీ రోజూ కొంచెం కొంచెం దూరం లాగుతారట. మధ్య ఖాళీలో కొత్త ఎముక పుడుతుందట. ఎలా పుడుతుందండీ అని బావ అడిగాడు. మొదట పల్చగా, తరవాత మెత్తగా, ఆనక గట్టిగా అన్నారాయన. పాలు తోడుకున్నట్టా అంది అక్క. ఆయనకి ఆ మాట నచ్చింది. అంతేనమ్మా అన్నారు. మరి తోడు పెట్టింది కదపకూడదు కదండీ అంది. ఇక్కడ కదపాలమ్మా, లాగుతూ ఉంటేనే పొడుగు, లాగడం ఆగిందా ఎక్కడిది అక్కడే గట్టిపడిపోతుంది, మళ్ళీ కొయ్యాల్సిందే అన్నారు.

బస్సులో ఆలోచించాను. పాలు తోడుకుంటే వచ్చేది పెరుగు. పిల్లని దీవించేదీ పెరుగు అనే. మనవాళ్ళు రెండింటికీ ఒకే మాట ఊరికే పెట్టలేదేమో.

ఉదయ కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చుంది. ఏమే, నీ కాల్లో పెరుగు వేస్తారట అన్నాను. నవ్వలేదు.

ఆగస్టు 14, గురువారం

ఆపరేషన్ అయింది. కాలు చుట్టూ రింగులు. రింగులకి అడ్డంగా స్టీలు తీగలు, ఎముకలోంచి ఇటు నుంచి అటు. అచ్చం స్పోకులు. బిగింపు కూడా స్పోకు బిగింపే. మీటితే మోగుతుందేమోనని మీటాను. మోగింది. నర్సమ్మ తిట్టిన తిట్టుకి వార్డంతా లేచింది.

బావ తన చేపల చెరువులో పాముల్ని చేత్తో తీసి గట్టు మీద పడేసే మనిషి. మా బావ పట్టాభిరామయ్య అంటే ఈ కొల్లేటి లంకలో ధైర్యానికి పేరు. కూతురి కాల్లో తీగ చూసి గోడ పట్టుకున్నాడు.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా పండగ. ఆసుపత్రిలో లడ్డూలు పంచారు. ఉదయ తినలేదు. రెండూ నేనే తిన్నాను.

ఆగస్టు 21, గురువారం

ఇవాళ తిప్పుడు మొదలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు. ప్రతిసారీ ఒక్కొక్క నట్టూ పావు చుట్టు. రోజు మొత్తానికి ఒక మిల్లీమీటరు. బియ్యపుగింజ మందం కూడా లేదు.

ఎవరు తిప్పుతారని డాక్టరుగారు అడిగారు. బావ వల్ల కాదు. అక్క స్పానర్ పట్టుకుని ఏడుపు. అందరూ నాకేసి చూశారు. అక్క మొహంలో భయం కనిపించింది నాకు. వీడి చేతిలోనా అని.

భయం తప్పు కాదు. అక్క పెళ్ళిలో విడిదింట్లో బావ చెప్పు ఒకటి, వాళ్ళ పెదనాన్న చెప్పు ఒకటి మార్చేసి, బావకి రెండూ ఎడమవే మిగిల్చిన వాణ్ణి. బావ పల్లకీ దిగి అలాగే నడిచాడు పాపం, కొత్త పెళ్ళికొడుకు అడగలేక. కొల్లేటి బాతులకి ఆధార్ కార్డులిస్తారని గుడి మైకులో చెప్పిందీ నేనే. ముగ్గురు బాతులతో సహా వచ్చి వరసలో నిలబడ్డారు. ఇప్పుడు నేను వాన వస్తుందంటే ఈ ఊళ్ళో బట్టలు ఆరేస్తారు.

పది నంబరు స్పానర్. నా షాపులో అన్నిటికంటే అరిగిపోయేది అదే. డాక్టరుగారు రింగు మీద బాణం గుర్తు గీశారు, ఇటువైపే అని. నట్టుకి ఒక పక్క ఉదయ గోళ్ళరంగు చుక్క పెట్టాను, ఎంత తిరిగిందో తెలిసేలా.

తిప్పినప్పుడు పిల్ల కళ్ళు మూసుకుంది. నేను జోకు వేద్దామనుకున్నాను. ఏదీ రాలేదు.

ఆగస్టు 24, ఆదివారం

నిన్న ఉదయని ఇంటికి తెచ్చాం. తన పాత చెప్పులు మంచం కింద ఉన్నాయి. మూలన పెట్టమంది అక్క, ఇంక వాటితో పనేముందని.

ఆ ఎడమ చెప్పు నా చేతిపనే. పిల్లకి ఏడో ఏడు వచ్చినప్పుడు అడుగున పాత టైరు ముక్క ఒకటి సొల్యూషన్ పెట్టి అంటించాను. పై ఏడు రెండో పొర. పన్నెండో ఏటికి మూడు. టైరు గాళ్ళు ఉన్న వైపు కిందకి పెట్టేవాణ్ణి, గట్టు మీద జారకుండా. ఎముక పెరగని చోట టైరు పెరిగింది. పదిహేనో ఏడు తరవాత కొత్త పొర అక్కర్లేకపోయింది. అప్పుడు సంబరపడ్డాను. అది తలుపు మూసుకోవడం అని ఇప్పుడు తెలిసింది.

ప్రతిసారీ వేసి నడిపించేవాణ్ణి. ఎత్తయిందా, తగ్గిందా, గుచ్చుతోందా అని అడిగేవాణ్ణి. తనూ షావుకారులా అటూ ఇటూ నడిచి, ఇంకో పిసరు తియ్యి మావయ్యా అనేది.

మూలన పెట్టలేదు. షాపులోకి తెచ్చుకున్నాను.

సెప్టెంబరు 1, సోమవారం

ఏలూరు. ఎక్స్‌రే. రెండు ముక్కల మధ్య సెంటీమీటరు పైన ఖాళీ. ఖాళీలో ఏముందో నాకు కనిపించలేదు. డాక్టరుగారు పెన్ను కొసతో చూపించారు. పొగలాంటిది, నిలువు గీతలుగా. అదే కొత్త ఎముకట. పై వారానికి తెల్లబడుతుందన్నారు. ఎవరు తిప్పారు, బాగా తిప్పారు అన్నారు.

బతుకులో మొదటిసారి ఒక చదువుకున్నాయన నన్ను మెచ్చుకున్నాడు. బస్టాండులో అందరికీ జామకాయలు కొన్నాను.

అక్క దారంతా మాట్లాడుతూనే ఉంది. కాలు సరయ్యాక ఉదయని డిగ్రీ పూర్తి చేయిస్తుందట. కాలు సరయ్యాక ద్వారకా తిరుమల మెట్లెక్కిస్తుందట. కాలు సరయ్యాక నిలువెత్తు ఫొటో తీయిస్తుందట.

సెప్టెంబరు 4, గురువారం

షాపులో పది నంబరు స్పానర్లు రెండింట్లో ఒకటి కనిపించడం లేదు. ఎవడు కొట్టేశాడో. దొంగ వెధవ.

సెప్టెంబరు 9, మంగళవారం

ఉదయ నొప్పి ఎక్కువైందంటోంది. పాదం దిగిపోతోంది, వేళ్ళు తిమ్మిరి. అక్క పాదానికి గుడ్డ వేసి పైకి లాగి పట్టుకుంటుంది, గంటల తరబడి. చేతులు లాగేస్తున్నా వదలదు. కొంచెం ఓర్చుకోవే తల్లీ, నేను చేసింది నేనే దిద్దుకోవాలి అంది. ఇన్నేళ్ళకి ఆ మాట అక్క నోట మొదటిసారి విన్నాను. ఉదయ మొహం గోడవైపు తిప్పుకుంది.

సాయంత్రం మామూలుగా అక్క చిన్న గిన్నెతో మా గుమ్మంలోకి వచ్చింది, తోడు కోసం. మా అక్క పుట్టింటి నుంచి వెళ్ళినప్పట్నుంచీ తన ఇంటి తోడుతో పెరుగు వేసిన పాపాన పోలేదు. బావ గిన్నె అడుగు నాకితే గానీ లేవడు. మా ఆవిడ నాగదుర్గ రెండు చెంచాలు వేసి ఇచ్చింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఏవేవో చెప్పుకున్నారు. అక్క నవ్వింది కూడా.

సెప్టెంబరు 13, శనివారం

మూడు రోజులుగా వాన. కొల్లేరు ఉబ్బింది. చెరువు గట్ల మీద వలలు కడుతున్నారు, చేపలు ఎదురెక్కి పోకుండా. బావ గట్టు మీదే ఉన్నాడు, ఇంటికి రాలేదు.

సెప్టెంబరు 15, సోమవారం

ఇవాళ ఏలూరు వెళ్ళాల్సింది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. రింగులు తడవకూడదన్నారు, పడవలో ఎక్కించడానికి అక్క ఒప్పుకోలేదు. ఫోను చేస్తే ఆసుపత్రివాళ్ళు, తిప్పడం మానకండి, నీళ్ళు తగ్గాక రండి అన్నారు.

మానలేదు.

సెప్టెంబరు 18, గురువారం

ఏదో తేడాగా ఉంది. నిన్న పడుకోబోయే ముందు తిప్పినప్పుడు గోళ్ళరంగు చుక్క తలుపువైపు ఉంది. పొద్దున చూస్తే కిటికీవైపు ఉంది. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. కిటికీవైపే.

నట్లు వాటంతట అవి తిరగవు. వదులైన నట్టు సంగతి నాకు తెలుసు, ఇది వదులు కాదు. శుభ్రంగా, పావు చుట్టుకి పావు చుట్టు వెనక్కి.

అక్కకి చెప్పాను. చాల్లేరా సత్తిగా, నీ వేళాకోళాలకి ఇదా సమయం అంది.

సెప్టెంబరు 19, పొద్దున

నట్ల అడుగువైపు చైనుకి రాసే నల్లగ్రీజు పూశాను. పైకి కనిపించదు. జన్మంతా ఇలాంటివి జనాన్ని నవ్వించడానికి చేశాను.

సెప్టెంబరు 19, మధ్యాహ్నం

ఉదయ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నలుపు. అన్నం కంచం పక్కకి జరిపి నాకేసి చూసింది. నేను కంచంకేసి చూశాను. అక్క ఇద్దరికీ చారు పోసింది.

సెప్టెంబరు 20, శనివారం

అక్క చెరువు దగ్గరికి క్యారేజీ పట్టుకెళ్ళాక ఉదయని అడిగాను. దిండు కింద నుంచి నా పది నంబరు స్పానర్ తీసి నా చేతిలో పెట్టింది. షాపు నుంచి ఎలా వచ్చిందే అన్నాను. నువ్వే తెచ్చావు మావయ్యా, రెండు జేబుల్లో రెండు పెట్టుకుని, నీకు లెక్కెక్కడ తెలుసు అంది.

నేను తిప్పి వెళ్ళిన ప్రతిసారీ వెనక్కి తిప్పుతోందట. ఏలూరులో ఎక్స్‌రే చూసి వచ్చిన రెండో రోజు నుంచి.

నొప్పికా అన్నాను. నొప్పి ఉంది, అబద్ధం ఎందుకు, కానీ నొప్పికి కాదు అంది. మరి దేనికే, పిచ్చా అన్నాను. గొంతు పెరిగింది నాది.

అప్పుడు చెప్పింది. నిదానంగా, చాలాసార్లు లోపల చెప్పుకున్నట్టు. అమ్మ ఏ మాట మొదలెట్టినా కాలు సరయ్యాక అంటుంది మావయ్యా. అంటే ఇన్నాళ్ళూ నేను బతికింది లెక్కలోకి రాదా. నేను బడికెళ్ళాను, బస్సెక్కి కాలేజీకెళ్ళాను, గట్టెక్కి మేత చల్లాను, అదంతా ఎవరు చేశారు.

ఆపరేషన్‌కి సంతకం పెట్టావు కదే అన్నాను. పెట్టమన్నారు పెట్టాను, అడగడం వేరు అంది. నువ్వు ముష్టి టైరు ముక్క అంటించడానికి నన్ను పదిసార్లు అడిగేవాడివి. ఎముక కొయ్యడానికి ఒక్కళ్ళూ అడగలేదు.

స్పానర్‌ని చొక్కా కొసతో తుడుస్తూ కూర్చున్నాను.

మళ్ళీ తనే అంది. గట్టు వాలు మీద నడవడం నాకెంత బాగుంటుందో తెలుసా. ఎడమ పక్క ఎత్తు వచ్చేలా నడిస్తే చెప్పు కూడా అక్కర్లేదు, నేను తిన్నగా నడుస్తాను, మీరందరూ కుంటుతారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నా పని అయిపోతుంది. అని నవ్వింది. ఆపరేషన్ తరవాత మొదటి నవ్వు.

అమ్మకి చెప్పవే అన్నాను. నవ్వు పోయింది. అమ్మ ఇది నా కోసం చేయట్లేదు మావయ్యా, ఆ ఆముదం కట్టు విప్పుకుంటోంది. వద్దంటే ఆ కట్టు జన్మలో విప్పుకోలేదు. ఎలా చెప్పను.

నిజమే. నేనూ చెప్పలేను.

సెప్టెంబరు 23, మంగళవారం

నేను ముందుకి తిప్పుతున్నాను. అది వెనక్కి తిప్పుతోంది. ఇప్పుడు దొంగతనం లేదు, స్పానర్ మంచం మీదే ఉంటుంది.

ఇది తప్పు. నాకు తెలుసు. డాక్టరుగారికి ఫోను చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేశాను. లాగడం ఆగితే గట్టిపడిపోతుందని ఆయన చెప్పింది ఈ డైరీలో నేనే రాసుకున్నాను. ఆ గట్టిపడేది మళ్ళీ పిల్ల ఒంట్లోనే.

పెద్దవాణ్ణి నేను. పెద్దవాడిలా ఉండడం ఎప్పుడూ ప్రాక్టీసు చేయలేదు.

సెప్టెంబరు 29, సోమవారం

నీళ్ళు తగ్గాయి. అక్క, బావ, ఉదయ, నేను ఏలూరు వెళ్ళాం.

డాక్టరుగారు పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టారు. ఖాళీ అప్పుడెంతో ఇప్పుడూ అంతే. కానీ అందులో పొగ లేదు. తెల్లగా ఎముక. ఇటు నుంచి అటు కలిసిపోయింది. నాకు కూడా కనిపించింది ఈసారి. గట్టి పెరుగు, గిన్నె బోర్లించినా కదలదు.

ఎవరు తిప్పారు, ఎటు తిప్పారు అని అడిగారు.

అక్క నాకేసి చూసింది. ఉదయ నోరు తెరవబోయింది. నాకు తెలుసు, చెప్పేసేది.

నేనేనండీ, సైకిలు ఎడమ పెడల్‌కి ఎదురు మర ఉంటుంది కదండీ, వెనక్కి తిప్పి బిగించాలి, ఇది ఎడమ కాలు కదా అని మధ్యలో నుంచి ఎదురు తిప్పానండీ అన్నాను.

ఎంత వెధవ కారణమో చెప్పాక నాకే తెలిసింది. ఒక్కళ్ళు కూడా అనుమానించలేదు. నలభై ఏడేళ్ళలో నేను చెప్పిన అబద్ధాలన్నిట్లో జనం ఇంత సులువుగా నమ్మింది ఇంకోటి లేదు.

డాక్టరుగారు బల్ల మీద చెయ్యేసి కొట్టారు. ఇది మనిషి కాలా, నీ సైకిలా, బాణం గుర్తు పెట్టి మరీ ఇచ్చానే అన్నారు. తల వంచుకున్నాను. బావ మెల్లగా, నా చెప్పులతో ఆగుతావనుకున్నానురా అన్నాడు. తిట్టినా బాగుండేది.

మళ్ళీ కొయ్యాలి, మళ్ళీ మొదట్నుంచీ అన్నారు డాక్టరుగారు. అక్క వెంటనే, కొయ్యండి అంది. ఆయన అక్కకేసి చూడలేదు. కుర్చీ ఉదయ వైపు తిప్పుకున్నారు. చూడమ్మా, ఇది రెండోసారి, ఒప్పుకోవాల్సింది నువ్వు, నీకు కావాలా అని అడిగారు.

ఉదయ చేత్తో కాలి రింగు పట్టుకుంది.

వద్దండీ, వచ్చింది చాలండీ అంది ఉదయ.

అక్క చెయ్యి పిల్ల భుజం మీద ఉంది. మెల్లగా తీసేసింది.

సెప్టెంబరు 30, మంగళవారం

అక్క నిన్న ఇంటి ముందు ఆటో దిగి, నా జీవితంలో ఒక్కటి దిద్దుకుందామనుకున్నానురా, అదీ నీకు ఆటేనా అంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇవాళ సాయంత్రం తోడుకి రాలేదు.

అక్టోబరు 2, గురువారం

దసరా. అక్క ఇంటి నుంచి గారెలు రాలేదు. మేం పంపినవి తిరిగొచ్చాయి.

నాగదుర్గ కంచం పెడుతూ అంది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను మిమ్మల్ని, నిద్రలో లేపి ఎడమ పెడల్ ఇచ్చినా మర తప్పరు మీరు. ఎవర్ని కాస్తున్నారో నాకు అనవసరం. గారెలు తినండి.

తిన్నాను.

అక్టోబరు 19, ఆదివారం

ఉదయ చేతికర్రలతో షాపుకి వచ్చింది. అమ్మకి చెప్పేస్తాను మావయ్యా, నువ్వు పడేది చూడలేకపోతున్నాను అంది. నన్ను తిట్టడం మీ అమ్మకి అలవాటైన పనే, నిన్ను తిట్టడం కొత్తగా నేర్పకు అన్నాను. చక్రం బెండు తీస్తూ కూర్చున్నాను. తను పక్కన కూర్చుని స్పోకులు అందించింది.

నవంబరు 6, గురువారం

అక్క గూడెంలో బావ చెల్లెలి ఇంటికి వెళ్ళిందట. వచ్చేటప్పుడు అక్కడి నుంచే తోడు తెచ్చుకుందట, ముప్పావు గంట బస్సులో, ఒళ్ళో పెట్టుకుని.

మా గుమ్మానికి, వాళ్ళ గుమ్మానికి మధ్య ఒక పారిజాతం చెట్టే అడ్డం.

డిసెంబరు 8, సోమవారం

రింగులు తీశారట. నన్ను రమ్మనలేదు. కొత్త ఎముక బాగా కట్టుకుందని, కోసిన చోటు ఎక్కడో వెతుక్కోవాలని డాక్టరుగారు అన్నారట. బావ షాపు ముందు బండి ఆపి ఈ ముక్క చెప్పాడు. వెళ్ళబోతూ ఆగి, ఎడమ కాలికి ఎదురు మరా అని మొహం అదోలా పెట్టాడు. నవ్వో, ఏడుపో. సమాధానం కోసం ఆగలేదు.

డిసెంబరు 14, ఆదివారం

చెప్పు తీసుకుని కూర్చున్నాను. మూడు పొరల్లో ఒకటి కోసి తీసేశాను. టైరు ముక్క లోపలి అంచు ఇంకా కొత్తగానే ఉంది. ఉదయ వేసుకుని షాపు ముందు అటూ ఇటూ నడిచింది. ఎత్తయిందా, తగ్గిందా, గుచ్చుతోందా అని అడిగాను. ఇంకో పిసరు తియ్యి మావయ్యా అంది. తీశాను.

గట్టు వైపు వెళ్ళింది. ఎడమ పక్క ఎత్తు వచ్చే వాలు మీద. అక్క తన గుమ్మంలో నిలబడి చూస్తోంది. పిల్ల కనిపించకుండా పోయేదాకా చూసింది. తిరిగి ఎలా వస్తుందో అని కూడా నిలబడింది.

డిసెంబరు 17, బుధవారం

దీపాలు పెట్టాక మా ఇంట్లో తోడు ఎవరికీ ఇవ్వం. నాగదుర్గకి ఆ పట్టింపు ఎక్కువ.

దీపాలు పెట్టాక అక్క వచ్చింది. చేతిలో చిన్న గిన్నె. నాకేసి చూడలేదు.

నాగదుర్గ నాలుగు చెంచాలు వేసింది.